మ్యాకా, విండోసా, లినక్సా: డిజైన్ పనికి ఏ కంప్యూటర్?

గ్రాఫిక్ డిజైన్‌కూ వెబ్ డిజైన్‌కూ వాడే కంప్యూటర్లు ముఖ్యంగా మూడు రకాలు: ఆపిల్ తయారుచేసే మ్యాక్, మైక్రోసాఫ్ట్ విండోస్‌తో నడిచే పీసీ, అదే పీసీ మీద ఉచితంగా ఎక్కించుకోగల లినక్స్. పుస్తకం ముఖచిత్రం, శుభలేఖ, ఫ్లెక్సీ, పత్రిక పేజీ, వెబ్‌సైటు, మొబైల్ యాప్ తెర, వీటిలో దేన్నైనా ఈ మూడింటిలో ఏదో ఒకదాని మీద తయారుచేయవచ్చు. కానీ మూడూ ఆ పనిని ఒకేలా చేయవు. తేడా అంతా వేగంలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇటీవలి సంవత్సరాల్లో వచ్చిన ఓ మోస్తరు యంత్రం ఏదైనా మామూలు డిజైన్ పనిని ఇబ్బంది లేకుండా లాక్కొస్తుంది. అసలు తేడాలు అక్షరాలు పేర్చే తీరులో, రంగులు చూపే తీరులో, దొరికే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. తయారైన పని చివరికి ఎక్కడికి చేరుతుంది, అచ్చుయంత్రానికా, సర్వర్‌కా, చేతిలోని ఫోనుకా అన్నదాన్ని బట్టి ఆ తేడాల బరువు మారుతుంది. తెలుగులో పనిచేసేవారికి మాత్రం వీటన్నిటిలో అక్షరాల సంగతే ముందు చూడాల్సింది.

మ్యాక్‌కు ఆ పేరెలా వచ్చింది

డిజైనర్ల కంప్యూటర్ అంటే మ్యాక్ అన్న పేరు ఊరికే రాలేదు. మొదటి మ్యాకింటాష్ 1984 జనవరి 24న విడుదలైంది. దాని తెర 9 అంగుళాలు, నలుపు తెలుపు. అడ్డంగా 512, నిలువుగా 342 చుక్కలు. మెమరీ 128 కిలోబైట్లు. ఇప్పుడు చూస్తే బొమ్మలాగే ఉంటుంది గానీ ఆ తెరను అంగుళానికి 72 చుక్కలు పడేలా తయారుచేశారు. అచ్చు పనిలో అక్షరం సైజును కొలిచే పాయింటు కూడా అంగుళంలో 72వ వంతు. దాంతో 12 పాయింట్ల అక్షరం తెర మీద 12 చుక్కల్లో ఇమిడింది, కాగితం మీద ఎంత ఉంటుందో తెర మీదా అంతే కనిపించింది. బిల్ యాట్కిన్‌సన్ రాసిన మ్యాక్‌పెయింట్ ఆ యంత్రంతోపాటే వచ్చింది. తెర మీది గుర్తులనూ తొలి ఫాంట్లనూ సూసన్ కేర్ చుక్క చుక్కగా గీసింది.

మరుసటి ఏడాది, 1985లో, మూడు విషయాలు కలిశాయి. ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటర్‌ను తెచ్చింది. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో స్థాపించిన అడోబీ, పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ వర్ణన భాషను ఆ ప్రింటర్‌లో పెట్టింది. ఆల్డస్ కంపెనీ పేజీలు కట్టే పేజ్‌మేకర్‌ను విడుదల చేసింది. పోస్ట్‌స్క్రిప్ట్‌లో అక్షరం చుక్కల గుంపుగా ఉండదు, గణితం చెప్పే అంచుగా ఉంటుంది. అందువల్ల అంగుళానికి 300 చుక్కలు వేసే లేజర్‌రైటర్ మీద ప్రూఫ్ తీసిన పేజీనే, 2,540 చుక్కలు వేసే లైనోట్రానిక్ 300 యంత్రం మీద ఫిల్ముగా తీయగలిగారు. సీసపు అక్షరాలు, ఫొటో కంపోజింగ్ గదులు చేసే పని ఒక బల్ల మీదికి వచ్చింది. డెస్క్‌టాప్ పబ్లిషింగ్, అంటే మనం డీటీపీ అనేది, అక్కడ మొదలైంది. 1987లో అడోబీ ఇలస్ట్రేటర్, 1990లో అడోబీ ఫొటోషాప్ కూడా ముందు మ్యాక్ మీదే వచ్చాయి. పాశ్చాత్య దేశాల ప్రకటనల సంస్థలు, పత్రికా కార్యాలయాలు మ్యాక్‌కు అలవాటుపడింది ఆ అయిదారేళ్లలోనే.

విండోస్ కాస్త వెనకగా వచ్చింది గానీ ఎక్కువ దూరం వెనకబడలేదు. 1987లో పేజ్‌మేకర్, 1989లో కెనడాకు చెందిన కోరెల్ కంపెనీ కోరెల్‌డ్రా, 1993 నాటికి ఫొటోషాప్ విండోస్ మీద నడిచాయి. ఇప్పుడు ఫొటోషాప్, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్ మూడూ రెండు చోట్లా దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకచోట దాచిన ఫైలు మరోచోట తెరుచుకుంటుంది. చందా కూడా ఒక్కటే. అడోబీ పనిముట్ల కోసమే మ్యాక్ కొనాలన్న మాటకు మూడు దశాబ్దాల కింద ఉన్న బలం ఇవాళ లేదు.

తెలుగునాట ఈ కథ మొదటినుంచీ వేరుగా నడిచింది. 1990లలో మ్యాక్ ధర చిన్న ప్రెస్సులకు అందేది కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట విడిభాగాలు కొని బిగించిన పీసీ, దాని మీద విండోస్, పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, వీటికి తోడు తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్ లేదా శ్రీలిపి: ఊరూరా వెలిసిన డీటీపీ సెంటర్ల సరంజామా ఇదే. ఇప్పటికీ ఫ్లెక్సీలు, వినైల్ బోర్డులు వేసే దుకాణాలు ఎక్కువగా కోరెల్‌డ్రా ఫైలే అడుగుతాయి. పెద్ద ఫ్లెక్సీ యంత్రాలకు బొమ్మను పంపే రిప్ సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కువభాగం విండోస్ మీదే నడుస్తుంది. అందుకే శుభలేఖలు, కరపత్రాలు, బ్యానర్లతో బతికే చిన్న స్టూడియోకు విండోస్ తప్ప మరోటి సిఫారసు చేయడం కష్టం. చుట్టూ ఉన్న పనివాళ్లంతా ఏ ఫైలు ఇచ్చిపుచ్చుకుంటున్నారో ఆ ఫైలుకు దూరంగా పోతే రోజూ తలనొప్పే.

అక్షరం దగ్గర తేలే తేడా

ఆ డీటీపీ రోజుల ఫాంట్లు తెలుగు అక్షరాలను తెలుగు అక్షరాలుగా దాచలేదు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన 256 స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తులు, అక్షరపు ముక్కలు సర్దారు. తెర మీద తెలుగు కనిపించినా కంప్యూటర్ లోపల ఉన్నది ఇంగ్లిషు గుర్తుల వరసే. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే ఆ గుర్తులే బయటపడతాయి. మ్యాక్‌కూ విండోస్‌కూ మధ్య ఇంకో చిక్కు కూడా ఉండేది. ఆ 256 స్థానాల్లో మొదటి సగం రెండింటిలో ఒకటే గానీ రెండో సగాన్ని ఆపిల్ ఒక క్రమంలో, మైక్రోసాఫ్ట్ మరో క్రమంలో నింపాయి. దాంతో ఒత్తులు, దీర్ఘాలు రెండో సగంలో ఉన్న ఫాంటుతో కంపోజ్ చేసిన మేటర్ ఒక చోటు నుంచి మరో చోటికి వెళ్తే సగం అక్షరాలు తారుమారయ్యేవి. ఇరవై, పాతికేళ్లుగా పేరుకున్న పుస్తకాల మేటర్ చాలాచోట్ల ఇంకా ఈ రూపంలోనే ఉంది. వాటిని తిరిగి అచ్చువేయాలంటే పాత విండోస్ పీసీని ఒకదాన్ని కాపాడుకోవాలి, లేదా మేటరంతా యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ ప్రూఫ్ దిద్దుకోవాలి.

1991లో వచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు సొంత చోటు దక్కింది. యూనికోడ్‌తో అక్షరం గుర్తింపు సమస్య తీరింది. కాని అక్షరాన్ని పేర్చే భారం ఫాంటు నుంచి కంప్యూటర్ మీదికి మారింది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని తీసుకుంటే చాలు. లోపల అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. తెర మీదికి వచ్చేసరికి చివర టైపు చేసిన గుడిదీర్ఘం అన్నిటికన్నా ముందున్న స నెత్తిమీదికి ఎక్కాలి, స తలకట్టు పోవాలి, త ఒత్తు కిందికి దిగాలి, ర ఒత్తు తన చోట సర్దుకోవాలి. ఈ పనంతా చేసేది షేపింగ్ ఇంజిన్. అది మూడు ప్లాట్‌ఫామ్‌లలో మూడు వేరువేరు ప్రోగ్రాములు. విండోస్‌లో మొదట యూనిస్క్రైబ్, విండోస్ 7 నుంచి దానికి తోడు డైరెక్ట్‌రైట్, మ్యాక్‌లో కోర్‌టెక్స్ట్, లినక్స్‌లో హార్ఫ్‌బజ్. ఈ మూడోది అందరికీ అందుబాటులో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ కావడంతో ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ కూడా దాన్నే వాడుకుంటున్నాయి. తెలుగు పాఠకుల ఫోన్లలో అత్యధికం ఆండ్రాయిడ్‌వే కాబట్టి మన భాష తెర మీద ఎక్కువసార్లు కనిపించేది హార్ఫ్‌బజ్ పేర్చిన రూపంలోనే.

షేపింగ్ ఇంజిన్ అనేది ఎంత సున్నితమైన భాగమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక క్రమంలో, అంటే జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు, చివర దీర్ఘం పెట్టి రాసి పంపితే, దాన్ని చూపబోయిన ఐఫోన్ యాప్ కుప్పకూలిపోయేది. మ్యాక్‌లోనూ అదే జరిగింది, ఎందుకంటే రెండింటికీ కోర్‌టెక్స్ట్ ఒకటే. విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కు ఏమీ కాలేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణలు విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. ఒక కంపెనీని వేలెత్తి చూపడానికి ఈ సంగతి చెప్పడం లేదు. లక్షల మంది రోజూ రాసే అక్షరం కూడా పరీక్షల్లో తగినంతగా పడకపోతే ఏమవుతుందో ఇది చెబుతుంది. తెలుగు పని చేసేవారు తమ వ్యాసంలో, ప్రకటనలో ఉన్న సంయుక్తాక్షరాలన్నిటినీ కనీసం రెండు ప్లాట్‌ఫామ్‌ల మీద కళ్లారా చూసుకోవడం అవసరం.

డిజైన్ సాఫ్ట్‌వేర్ చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్ ఇంజిన్‌ను వాడకుండా తన సొంతది పెట్టుకుంటుంది. ఇది తెలుగువారిని చాలాకాలం ఏడిపించింది. నోట్‌ప్యాడ్‌లో చక్కగా కనపడే యూనికోడ్ తెలుగు, ఫొటోషాప్‌లోకి తేగానే పొల్లులు విడిపోయి, ఒత్తులు పక్కకు జరిగి కనిపించేది. 2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6తో భారతీయ లిపులను పేర్చగల వరల్డ్‌రెడీ కంపోజర్ చేరింది. అదే ఏడాది కోరెల్‌డ్రా ఎక్స్6లో కూడా సంక్లిష్ట లిపులకు దారి దొరికింది. అడోబీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు విడిపోయి కనిపిస్తే నేటికీ ముందుగా చూడాల్సింది పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో ఈ కంపోజర్ ఎంపికై ఉందా లేదా అనే. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంక్‌స్కేప్ తెలుగును బాగా పేరుస్తుంది. పుస్తకాల పేజీలు కట్టే స్క్రైబస్ మాత్రం 2024లో వచ్చిన 1.6 వెర్షన్‌తోనే స్థిరమైన విడుదలలో ఆ శక్తి సంపాదించుకుంది.

ఫాంటు ఫైలులో ఇంకో చిన్న విషయం పెద్ద గొడవ పెడుతుంది. అక్షరం గీత నుంచి పైకి ఎంత, కిందికి ఎంత పోవచ్చో చెప్పే కొలతలు ఒక్కో ఫాంటులో మూడు జతలు ఉంటాయి. మ్యాక్ ఒక జతను చూస్తుంది, విండోస్ మిగతా రెండింటిని చూస్తుంది. ఫాంటు తయారుచేసినవారు మూడింటినీ కలపకపోతే ఒకే పేజీలో వరసల మధ్య దూరం మ్యాక్‌లో ఒకలా, విండోస్‌లో ఒకలా వస్తుంది. ఇంగ్లిషుకు ఇది కంటికి చిన్న తేడా. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు, కొన్నిసార్లు ఒత్తు కింద ఒత్తు ఉంటాయి. విండోస్‌లో కొన్ని ప్రోగ్రాములు కింది హద్దు దాటిన భాగాన్ని కత్తిరించేస్తాయి. బటన్ మీద ‘రాష్ట్ర’ అన్న మాటకు కింది ఒత్తులు సగం తెగి కనిపించడం వెనక ఉన్న కారణం చాలాసార్లు ఇదే. వెబ్ పేజీలో తెలుగుకు వరస ఎత్తును అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఇవ్వడం, బటన్లకు స్థిరమైన ఎత్తు పెట్టకపోవడం దీనికి మందు.

ఇక అక్షరం నునుపు. తెర మీద అక్షరాన్ని చుక్కల్లోకి దించేటప్పుడు ఆపిల్ అక్షరం అసలు ఆకారాన్ని కాపాడటానికి మొగ్గు చూపుతుంది, అంచులు కాస్త మెత్తబడినా పట్టించుకోదు. మైక్రోసాఫ్ట్ 1998లో ప్రకటించి విండోస్ ఎక్స్‌పీతో అందరికీ ఇచ్చిన క్లియర్‌టైప్, గీతలను చుక్కల గళ్లకు సర్ది స్ఫుటంగా చూపటానికి మొగ్గు చూపుతుంది. ప, వ రెండింటికీ తేడా తలకట్టు విడిగా ఉందా, కలిసి ఉందా అన్నది మాత్రమే. మామూలు తెర మీద 14 చుక్కల సైజులో ఆ సందు ఒక్క చుక్క కూడా ఉండకపోవచ్చు. మెత్తబడిన అంచుల్లో అది పూడిపోయి ప కాస్తా వ అవుతుంది. అంగుళానికి 200 చుక్కలు దాటిన తెరల మీద ఈ గొడవ దాదాపు పోయింది. 2012లో వచ్చిన రెటీనా మ్యాక్‌బుక్ ప్రో తెరలో అంగుళానికి 220 చుక్కలున్నాయి. ఇప్పుడు అలాంటి తెరలున్న విండోస్ ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి. తెలుగు టైపోగ్రఫీ చేసేవారు ప్రాసెసర్ మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి అయినా మంచి తెర మీద పెట్టాలి.

ఫాంట్ల లభ్యతలో మాత్రం మూడూ ఇంచుమించు ఒక్కటే అయ్యాయి. విండోస్‌తో గౌతమి, ఆ తర్వాత వాణి, నిర్మల యూఐ వచ్చాయి. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, తెలుగు ఎంఎన్, సంగం ఎంఎన్ ఉన్నాయి. లినక్స్‌లో లోహిత్, నోటో ఉంటాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సిలికానాంధ్ర సంస్థతో కలిసి విడుదల చేసిన సురన్న, మండలి, రామభద్ర, గిడుగు లాంటివి ఎక్కడైనా పనిచేస్తాయి.

రంగుల లెక్క

రంగు విషయంలో మ్యాక్‌కు చాలాకాలం నిజమైన ఆధిక్యం ఉండేది. 1993లో ఆపిల్ కలర్‌సింక్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగం చేసింది. అదే ఏడాది ఆపిల్, అడోబీ, మైక్రోసాఫ్ట్‌లతో సహా ఎనిమిది సంస్థలు కలిసి అంతర్జాతీయ రంగుల కన్సార్షియం, ఐసీసీని ఏర్పరిచాయి. కెమెరా, తెర, ప్రింటర్ ఒక్కోటి రంగును ఎలా చూస్తుందో చెప్పే ఐసీసీ ప్రొఫైల్ అలా పుట్టింది. కానీ నలుపుకూ తెలుపుకూ మధ్య ఛాయలు ఎంత ముదురుగా పడాలో చెప్పే గామా అప్పట్లో మ్యాక్ తెరల్లో 1.8, విండోస్ తెరల్లో 2.2. దాంతో మ్యాక్ మీద కంటికి సరిపోయేలా దిద్దిన ఫొటో విండోస్ మీద నల్లబడి కనిపించేది, అక్కడ దిద్దింది ఇక్కడ వెలిసిపోయినట్టు ఉండేది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే ఉమ్మడి రంగుల పరిధిని ప్రతిపాదించాయి. 2009లో స్నో లెపర్డ్ అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఆపిల్ కూడా 2.2కు మారింది. ఆ పాత తేడా అక్కడితో ముగిసింది.

ఇప్పుడున్న తేడా తెరల నాణ్యతలో ఉంది. ఏ మ్యాక్ కొన్నా తెర ఓ స్థాయికి తగ్గదు. 2015 చివరి ఐమ్యాక్‌ల నుంచి మొదలై చాలా మ్యాక్ తెరలు ఎస్‌ఆర్‌జీబీ కన్నా విశాలమైన పీ3 పరిధిని చూపుతున్నాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లలో అద్భుతమైన తెరలు, నాసిరకం తెరలు రెండూ ఉంటాయి. తక్కువ ధర ల్యాప్‌టాప్ వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని కనిపిస్తే అది ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో సుమారు మూడింట రెండు వంతులే చూపగలదని అర్థం. ఎర్రలు, పచ్చలు దాని మీద చప్పగా ఉంటాయి. డిజైనర్ వాటికి రంగు ఎక్కిస్తాడు, అచ్చులో అవి మొహం మీద కొట్టినట్టు వస్తాయి. డిజైన్ కోసం కొనే తెర కనీసం ఎస్‌ఆర్‌జీబీని పూర్తిగా చూపాలి. దాన్ని కొలిచి సరిచేసే కలరిమీటర్ మూడు ప్లాట్‌ఫామ్‌ల మీదా పనిచేస్తుంది. లినక్స్‌లో ఆర్గిల్, డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పనికి ఉన్నాయి.

అచ్చుకు వెళ్లే పనిలో రంగులు సీఎంవైకేలోకి మారాలి. తెర మీద మెరిసే చిలకపచ్చ, నెమలికంఠపు నీలం నాలుగు సిరాలతో అదే మెరుపుతో రావు. మార్పిడి తర్వాత ఎలా ఉంటుందో ముందే చూపే సాఫ్ట్‌ప్రూఫ్ సదుపాయం అడోబీ, కోరెల్ సాఫ్ట్‌వేర్‌లో గట్టిగా ఉంది. మొత్తం పనిని సీఎంవైకేలోనే నడపగలగడం కూడా వాటి బలం. లినక్స్ మీద ఫొటోషాప్ బదులు వాడే ఉచిత గింప్‌లో బొమ్మను సీఎంవైకేగా ఎగుమతి చేయవచ్చు, సాఫ్ట్‌ప్రూఫ్ చూడవచ్చు గానీ లోపల పని తెర రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీలోనే జరుగుతుంది. ఆఫ్‌సెట్ అచ్చే ప్రధానమైన స్టూడియో లినక్స్‌కు మారడానికి వెనకాడే ముఖ్య కారణం ఇదే, ఆ వెనకాడటం సబబే. ప్రెస్సుకు పంపే ఫైలు మాత్రం ఏ ప్లాట్‌ఫామ్‌దైనా పీడీఎఫ్ అయితే చాలు. అచ్చు పనికోసమే 2001 నుంచి అమల్లో ఉన్న పీడీఎఫ్/ఎక్స్ ప్రమాణంలో ఫాంట్లన్నీ ఫైలులోనే ఇమిడి ఉంటాయి. తెలుగు మేటర్ పంపేవారికి అంతకన్నా భద్రమైన దారి లేదు.

వేగం, ధర

2020 నవంబరులో వచ్చిన ఎం1తో ఆపిల్ సొంత చిప్పులకు మారింది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే మెమరీని పంచుకోవడం, తక్కువ కరెంటుతో ఎక్కువ పని, ల్యాప్‌టాప్‌ను ప్లగ్గు తీసి వాడినా వేగం తగ్గకపోవడం దాని మేళ్లు. అయితే ఆ మెమరీని తర్వాత పెంచుకునే వీల్లేదు; కొనేనాడే నాలుగైదేళ్ల అవసరం ఊహించుకోవాలి. భారతదేశంలో ఎం4 మ్యాక్ మినీ 2024లో 16 గిగాబైట్ల మెమరీతో 59,900 రూపాయలకు వచ్చింది. మంచి తెర ఇంతకుముందే ఉన్నవారికి అది సరసమైన దారి. విండోస్ డెస్క్‌టాప్ పీసీలో మెమరీ, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు ఒక్కోటీ విడిగా మార్చుకోవచ్చు, చెడితే ఊళ్లోనే బాగుచేయించుకోవచ్చు. త్రీడీ, యానిమేషన్ పనికి ఎన్‌విడియా కార్డులు, గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే వాటి ‘క్యూడా’ (CUDA) పద్ధతి మీద ఆధారపడ్డ సాఫ్ట్‌వేర్ ఎక్కువ. కొత్త మ్యాక్‌లకు ఎన్‌విడియా కార్డు తగిలించే వీలే లేదు. ఉన్న పాత పీసీకి లినక్స్ ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ ఖర్చు సున్నా. చేత్తో బొమ్మలు గీసేవారికి వేకామ్ పలక మూడింటి మీదా పనిచేస్తుంది, బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్రిటా కూడా మూడింటికీ దొరుకుతుంది. అదే పనికి పేరున్న ప్రోక్రియేట్ యాప్ మాత్రం ఐప్యాడ్‌కే పరిమితం.

వెబ్ పని వేరు

అచ్చు పని చేసేవారి దగ్గర మొదలైన మ్యాక్, వెబ్ పని చేసేవారి దగ్గరికి వేరే దారిలో వచ్చింది. 1990లో టిమ్ బెర్నర్స్ లీ మొదటి బ్రౌజర్‌ను రాసింది నెక్స్ట్ కంప్యూటర్ మీద. ఆ నెక్స్ట్ సాఫ్ట్‌వేరే తర్వాత ఆపిల్ చేతికి వచ్చి 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌కు పునాది అయింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టారు, అంటే మ్యాక్ లోపల యూనిక్స్ చేరింది. సర్వర్లలో ఎక్కువభాగం లినక్స్‌తో నడుస్తాయి, అది కూడా యూనిక్స్ తరహాదే. సర్వర్ మీద టైపు చేసే ఆదేశాలే తమ బల్ల మీద కూడా పనిచేయడం, పక్కనే ఫొటోషాప్ ఉండటం వెబ్ డిజైనర్లను మ్యాక్ వైపు లాగింది. 2016లో మైక్రోసాఫ్ట్ విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌ను తెచ్చాక ఈ విషయంలో విండోస్‌కు ఉన్న లోటు చాలావరకు పూడింది.

1990లలో వెబ్ డిజైనర్లను వేధించిన తేడాలు కొన్ని ఇప్పుడు చరిత్ర అయ్యాయి. అప్పటి తెరలు చాలావరకు 256 రంగులే చూపేవి. మ్యాక్, విండోస్ రెండింటికీ ఉమ్మడిగా దొరికినవి 216. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఆరు మెట్లు వేసి గుణిస్తే వచ్చే లెక్క అది. చాలా ఏళ్లు వెబ్‌సైట్లు ఆ 216 రంగులకే కట్టుబడ్డాయి. అంగుళానికి 72 చుక్కలని మ్యాక్ లెక్కపెడితే విండోస్ 96 అనేది. దాంతో 12 పాయింట్ల అక్షరం విండోస్‌లో 16 చుక్కలు, మ్యాక్‌లో 12 చుక్కలే అయ్యేది. ఒకే పేజీ మ్యాక్ మీద చీమల బారులా కనిపించేది. ఇప్పుడు వెబ్ ప్రమాణమే పిక్సెల్‌ను అంగుళంలో 96వ వంతుగా నిర్వచించింది.

పోనిది ఒకటుంది: ఫైలు పేర్లు. విండోస్, మ్యాక్ రెండూ మామూలు అమరికలో ఇంగ్లిషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు తేడా చూడవు. లినక్స్ చూస్తుంది. లోగో బొమ్మ ఫైలు పేరు పెద్ద ఎల్‌తో మొదలై, పేజీలో చిన్న ఎల్‌తో రాసి ఉంటే డిజైనర్ కంప్యూటర్‌లో బొమ్మ హాయిగా కనిపిస్తుంది. సర్వర్‌కు ఎక్కించగానే ఆ చోట ఖాళీ డబ్బా మిగులుతుంది. తెలుగులో పేర్లు పెట్టిన ఫైళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. 2017 దాకా మ్యాక్‌లు వాడిన పాత ఫైల్ వ్యవస్థ దాన్ని రెండుగా విడదీసి దాచేది. అక్కడ ‘తైలం’ అని పేరుపెట్టి సర్వర్‌కు పంపిన ఫైలును, విండోస్ మీద టైపు చేసిన ‘తైలం’ లింకు పట్టుకోలేకపోయేది. కంటికి రెండూ ఒకటే. సర్వర్‌కు వెళ్లే ఫైళ్లకు చిన్నబడి ఇంగ్లిషు అక్షరాల పేర్లే పెట్టాలన్న నియమం ఇందుకే. మొదటినుంచీ లినక్స్ మీద పనిచేసేవారు ఇలాంటి తప్పులను బల్ల దగ్గరే పట్టేస్తారు.

వెబ్, యాప్ తెరల డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా ప్లాట్‌ఫామ్ గీత దాటింది. 2010లో వచ్చిన స్కెచ్ మ్యాక్‌లో తప్ప మరోచోట నడవదు, కొన్నేళ్లు ఈ రంగమంతా మ్యాక్ కొనడానికి అదే కారణమైంది. డిలన్ ఫీల్డ్, ఇవాన్ వాలెస్ 2012లో మొదలుపెట్టి 2016లో అందరికీ తెరిచిన ఫిగ్మా బ్రౌజర్‌లోనే నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డును బ్రౌజర్ నుంచి వాడుకునే వెబ్‌జీఎల్ వల్ల అది సాధ్యమైంది. హైదరాబాదులో విండోస్ మీద గీస్తున్న తెరను డాలస్‌లో మ్యాక్ మీద ఉన్న సహోద్యోగి అదే క్షణంలో దిద్దవచ్చు. అయినా కంప్యూటర్‌లో ఉన్న సొంత ఫాంటును ఫిగ్మాలో వాడాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తగిన సహాయక ప్రోగ్రాము ఎక్కించుకోవాలి. దాన్ని కంపెనీ మ్యాక్‌కు, విండోస్‌కు ఇస్తోంది. లినక్స్ వాడేవారు ఇతరులు తయారుచేసిన దానితో సరిపెట్టుకోవాలి.

చివరి మెట్టు పరీక్ష. తెలుగు వెబ్‌సైటును ముందుగా చూడాల్సింది తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోనులో. దాన్ని కేబుల్‌తో తగిలించి క్రోమ్‌లో తప్పులు వెతికే సదుపాయం మూడు ప్లాట్‌ఫామ్‌ల మీదా ఒకేలా ఉంది. ఐఫోన్ సంగతి అలా కాదు. సఫారీని విండోస్‌కు ఇవ్వడం ఆపిల్ 2012లో ఆపేసింది. ఐఫోన్‌లో పేజీ ఎందుకు చెదిరిందో లోపలికి చూసి చెప్పే ఆపిల్ పనిముట్లు, ఐఫోన్‌ను అనుకరించే సిమ్యులేటర్ మ్యాక్ మీదే నడుస్తాయి. విదేశాల్లోని తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని పనిచేసే సైట్లకు ఐఫోన్ వాడేవారు గణనీయంగానే ఉంటారు. అందువల్ల పనంతా విండోస్ లేదా లినక్స్ మీద చేసే సంస్థలు కూడా పరీక్ష కోసం ఒక మ్యాక్ మినీని పెట్టుకుంటాయి, లేదంటే దూరాన ఉన్న నిజమైన ఐఫోన్లను బ్రౌజర్‌లోంచే వాడుకోనిచ్చే బ్రౌజర్‌స్టాక్ లాంటి సేవకు చందా కడతాయి.